సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నారా? ముందు ఆయిల్, టైర్లు చూసుకోండి

చోడవరం: కొత్త కారు కంటే బాగా తక్కువకి స్పోర్ట్స్ కారు దొరుకుతుందంటే ఇంట్లో కుర్రాళ్లు ఆగరు. పోలో జీటీ టీఎస్ఐ అలాంటిదే. 2013లో మన దేశంలో విడుదలైనప్పుడు 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ పవర్‌తో వచ్చింది. 2022లో పోలో తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు కొనాలంటే సెకండ్ హ్యాండే. కొనేది కుర్రాడే అయినా, పండక్కి అందులో అమ్మీ, అబ్బా, చిన్నపిల్లలు కూడా ఎక్కుతారు. అందుకే బండి ఇంటికి రాగానే పాటల సిస్టమ్ కాదు, ఈ రెండూ చూడాలి.

పాత ఓనరు "మొన్ననే ఆయిల్ మార్చాం" అంటాడు. బిల్లు చూపిస్తే సరే, లేకపోతే ఆ మాట లెక్కలోకి తీసుకోవద్దు. ఆయిల్, ఫిల్టర్ రెండూ కలిపి మార్పించి, ఆ రోజు కిలోమీటర్ రీడింగ్ రాసి పెట్టుకోవాలి. అక్కడి నుంచి లెక్క మీ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చాల్సిందే.

ఏ ఆయిల్ అన్నది షాపువాడిని కాదు, బండితో వచ్చిన పుస్తకాన్ని అడగాలి. 5డబ్ల్యూ-40 అంటే మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో. అంతటితో అయిపోదు. కంపెనీ సొంత నంబర్ కూడా డబ్బా మీద కలవాలి. ఫోక్స్‌వాగన్ పెట్రోల్ ఇంజిన్లకి 502 00 అలాంటి నంబరే. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాన్ని కాపాడేది ఈ ఆయిలే. ఇక్కడ మూడు, నాలుగు వందలు మిగుల్చుకుంటే తర్వాత టర్బోకి వేలల్లో కట్టాలి. హైవే మీద గట్టిగా తోలి వచ్చాక వెంటనే ఇంజిన్ ఆపకుండా ఒక నిమిషం అలా వదిలేయడం మంచిది.

వారానికోసారి బండిని సమానమైన నేల మీద పెట్టి, ఇంజిన్ ఆపిన ఐదు, పది నిమిషాలకి డిప్‌స్టిక్ తీసి చూడాలి. రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. పై గుర్తు దాటేలా పోయడం కూడా నష్టమే. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే కూలెంట్ కలిసిందేమో అని అనుమానించాలి. ఇక బండి తీయొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

టైర్ల దగ్గర మోసపోయేవాళ్లే ఎక్కువ. అమ్మే ముందు పాలిష్ కొట్టి నల్లగా మెరిపిస్తారు. పక్క గోడ మీద డీఓటీ అక్షరాల చివర ఉన్న నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాడులు లోతుగానే ఉంటాయి గానీ రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. సన్న పగుళ్లు కనిపిస్తే మార్చేయడమే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం కూడా ఒప్పుకోదు. వానలో అయితే అంతవరకూ ఆగడం కూడా ప్రమాదమే.

పక్క గోడ పొట్టిగా ఉండే టైర్లకి మన భీమిలి-నర్సీపట్నం రోడ్డు పెద్ద పరీక్ష. 195/55 ఆర్16లో 55 అంటే వెడల్పులో 55 శాతమే గోడ ఎత్తు. గుంతలో గట్టిగా పడితే లోపలి దారాలు తెగి, బయటికి ఉబ్బు వస్తుంది. దానికి పంక్చర్ షాపులో వైద్యం లేదు. చెరకు సీజన్‌లో ట్రాక్టర్ల వెనక రాత్రిపూట వెళ్తుంటే ముందు గుంత కనిపించదు, దూరం పాటించాలి.

గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అనకాపల్లి దాకా తోలి వెళ్లి కొలిస్తే వేడికి పెరిగిన అంకె వస్తుంది, దాన్ని చూసి గాలి తీసేయకూడదు. ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ పక్కనో, పెట్రోల్ మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది. టైరు గోడ మీద రాసింది గరిష్ఠ పరిమితి మాత్రమే. రెండు టైర్లే కొత్తవి వేస్తే వెనక్కి వేయాలి, ముందు చక్రాలతో నడిచే బండైనా సరే. తడి రోడ్డు మీద వెనక జారితే కొత్త డ్రైవర్‌కి అదుపు చేయడం కష్టం. బాణం గుర్తున్న టైర్లు తిరగేసి బిగించారేమో కూడా చూడండి.

స్టెప్నీని అందరూ మర్చిపోతారు. డిక్కీ మ్యాట్ ఎత్తి దాని తేదీ, గాలి కూడా చూడాలి. అది మిగతా వాటికంటే సన్నదైతే, దాని మీద రాసిన వేగం, సాధారణంగా 80 కిలోమీటర్లు, దాటకుండా పంక్చర్ షాపు వరకే నడపాలి.