లెక్కలోకి రాని మందు

2021 మే నెల. వారాసిగూడ నుంచి గాంధీ ఆసుపత్రి ఎంతో దూరం కాదు. ఆ రోజుల్లో మా వీధి వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకటే ప్రశ్న: ఆంఫోటెరిసిన్-బి ఎక్కడైనా దొరుకుతుందా? కోవిడ్ నుంచి బయటపడ్డవాళ్ళని మ్యూకర్‌మైకోసిస్ పట్టుకుంటోంది. జనం బ్లాక్ ఫంగస్ అన్నది దాన్నే. తెలంగాణ ప్రభుత్వం ఆ నెలలోనే దాన్ని తప్పనిసరిగా నమోదు చెయ్యాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి నోడల్ కేంద్రమైంది. మందు పేరు నోరు తిరగనివాళ్ళు కూడా ఒక్క వయల్ కోసం ఊరంతా ఫోన్లు చేశారు.

ఆ ఏడాది చివర్లో తార్నాకలో టీ తాగుతుంటే, ఫంగస్‌ని చంపే అణువుల మీద పనిచేస్తున్న ఒక రీసెర్చ్ స్కాలర్ అన్నాడు: "నా పేపర్‌కి పదకొండు సైటేషన్లన్నా. అందులో నాలుగు మా ల్యాబ్‌వే." ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టినప్పుడు మొదట చూసేది ఆ అంకెనేనట.

ఆ అంకె సంగతేమిటో చూద్దామని చదవడం మొదలుపెడితే మన భీమవరం మనిషి ఎదురయ్యాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రచురించాడు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. అంతే. కానీ ఆ పేపర్ శాస్త్ర ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన వాటిలో ఒకటిగా దశాబ్దాలు నిలిచింది. ఇలాంటి జాబితాల్లో పై వరుసలు కొలిచే పద్ధతులవే. మొదటి స్థానం ప్రొటీన్‌ని కొలిచే లౌరీ పేపర్‌ది (1951). 2014లో నేచర్ పత్రిక లెక్కేస్తే దాని సైటేషన్లు 3 లక్షలు దాటాయి. పనిముట్టు ప్రతి ల్యాబ్‌కీ కావాలి. మందు కావాల్సింది రోగికి. రోగి పేపర్ రాయడు కదా!

సుబ్బారావు కథ ఫంగస్ దాకా కూడా వెళ్తుంది. లెడర్లీలో ఆయన పరిశోధనా విభాగానికి నాయకత్వం వహిస్తున్నప్పుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు. అలాంటి మందులు రకరకాల బాక్టీరియాని ఊడ్చేస్తాయి. వాటితోపాటు కాండిడా అనే ఫంగస్‌ని అదుపులో ఉంచే బాక్టీరియా కూడా పోతుంది. నోట్లో, పేగుల్లో ఆ ఫంగస్ పెరిగిపోతుంది. ఒక జబ్బుకి మందు దొరికితే ఇంకోదానికి దారి పడిందన్నమాట.

దానికి జవాబు ఇద్దరు ఆడవాళ్ళు వెతికారు. న్యూయార్క్ నగరంలో ఎలిజబెత్ హేజెన్ మట్టి నమూనాల్లో సూక్ష్మజీవులని పెంచేది. వాటిని పోస్టులో ఆల్బనీకి పంపితే రేచెల్ బ్రౌన్ అందులోంచి రసాయనాన్ని వేరుచేసేది. వర్జీనియాలో తెలిసినవాళ్ళ పొలం మట్టిలో దొరికిన నిస్టాటిన్‌ని 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరే ఆ మందుకి పెట్టారు. కోటీ ముప్ఫై లక్షల డాలర్లకు పైగా వచ్చిన రాయల్టీలని తమకంటూ ఉంచుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు. ఫంగస్ జబ్బుల మీద పనిచేసే ఎందరికో ఆ డబ్బే ఆధారమైంది. ఈ సాయాన్ని ఏ సైటేషన్ లెక్క పట్టుకుంటుంది?

మన వీధి వెతుక్కున్న ఆంఫోటెరిసిన్ దానికి చెల్లెలు లాంటిది. 1950ల మధ్యలో, వెనెజువేలాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఫంగస్ కణపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌ని అది పట్టుకుంటుంది. చిక్కేమిటంటే మన కణాల్లోని కొలెస్టరాల్ కూడా దాదాపు అలాగే ఉంటుంది. అందుకే కిడ్నీలకి దెబ్బ. లైపోసోముల్లో పెట్టి ఇస్తే ఆ దెబ్బ తగ్గుతుంది. బాక్టీరియా కంటే ఫంగస్ మనకి దగ్గరి చుట్టం. చుట్టాన్ని చంపి మనం బతికే మందు తయారుచెయ్యడం కష్టం. అందుకే ఈ మందులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని రకాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకర ఫంగస్‌ల మొదటి జాబితా ఇచ్చిందే 2022లో. మ్యూకర్‌మైకోసిస్ తెచ్చేవి కూడా అందులో ఉన్నాయి.

సైటేషన్లు వృథా అనను. ఒకరి పని ఇంకొకరికి అందిందనడానికి అదే జాడ. కానీ ఎందుకు అందిందో అంకె చెప్పదు.

మొన్న ఆ కుర్రాణ్ణి అడిగాను, మిగతా ఏడుగురూ ఎవరని. ఆరింటిలో పేరు ఊరికే వరసలో కలిపేశారట. ఏడో పేపర్ వాళ్ళు మాత్రం ఇతని అణువుని తయారుచేసి, అసలు ఫంగస్ మీద పరీక్షించి, పనిచెయ్యలేదని రాశారు.

"బాధేసిందా?"

"లేదన్నా. నిజంగా చదివింది వాళ్ళొక్కళ్ళే. ఎక్కడ తప్పుపోయిందో తెలిసింది. మళ్ళీ చేస్తున్నా."