పందెం దగ్గరైంది, జనం దూరమయ్యారు

మోటోజీపీ చూడటం మానేసినవాళ్ళు ఎవరైనా తగిలితే, ఎందుకు మానేశావని అడిగి చూడండి. చాలావరకూ వచ్చే జవాబు ఒకటే. "రోసీ వెళ్ళిపోయాడు కదా, ఇంకేం చూస్తాం?" 2021 నవంబరు 14న వాలెన్సియాలో వాలెంటినో రోసీ ఆఖరి రేసు ఆడేశాడు. దాదాపు రెండు దశాబ్దాల పాటు ఈ ఆటంటే ఆయనే. ఇటలీ ఎటువైపుందో తెలీని మన కుర్రాళ్ళు కూడా బండి ట్యాంకు మీద పసుప్పచ్చ 46 అంకె అతికించుకుని కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో తిరిగారంటే, ఆ పిచ్చి ఏ స్థాయిదో అర్థం చేసుకోండి.

కానీ ఈ జవాబు నాకు ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. 2013లో సచిన్ రిటైరయ్యాడు. ఆ రోజు టీవీ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు మర్నాటి నుంచీ క్రికెట్ చూడ్డం మానేశారా? లేదే! మరి ఇక్కడ ఒక్క మనిషి వెళ్ళిపోతే ఇల్లంతా ఖాళీ అయినట్టు ఎందుకైంది?

ముందు ఒక లెక్క చూద్దాం. ఇటలీలో ముజెల్లో అని ఒక ట్రాక్ ఉంది. రోసీ భక్తులకి అది తిరుపతి లాంటిది. 2019లో రేసు రోజు అక్కడికొచ్చిన జనం 83 వేల పైచిలుకు. 2022లో, అంటే రోసీ లేని మొదటి ఏడాది, 43 వేల పైచిలుకు. టికెట్ ధరలు ఎక్కువని గొడవ ఉంది, అదే రోజు మొనాకోలో ఫార్ములా వన్ రేసు కూడా ఉంది, అవన్నీ నిజమే. అయినా అసలు విడ్డూరం ఏంటంటే, ఆ రోజు గెలిచింది ఫ్రాంచెస్కో బన్యాయా. ఇటలీ కుర్రాడు, ఇటలీ బండి డుకాటీ మీద, ఇటలీ గడ్డ మీద గెలిచాడు. సగం స్టాండ్లు ఖాళీ.

పోనీ పందెంలో పస తగ్గిందా అంటే, కాగితం మీద పెరిగింది. 2020లో 14 రేసులు జరిగితే తొమ్మిదిమంది వేరువేరు రైడర్లు గెలిచారు. బళ్ళ వేగం కూడా పెరుగుతూనే ఉంది. 2023లో ముజెల్లోలోనే బ్రాడ్ బైండర్ గంటకి 366 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఒక మనిషి రెండు చక్రాల మీద 366లో పోతుంటే చూసేవాడికి ఆవులింత వస్తోందంటే ఎక్కడో ఏదో తేడా కొట్టినట్టే. ఎక్కడ?

ఈ ఆట నడిపేవాళ్ళు చాలా ఏళ్ళుగా ఒక నమ్మకంతో పనిచేశారు. మొదటివాడికీ పదోవాడికీ మధ్య తేడా తగ్గిస్తే జనం వస్తారని. వినడానికి బాగానే ఉంది. చరిత్ర మాత్రం అలా చెప్పట్లేదు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1949లో మొదలైంది. 1967 సీజను అయ్యాక హోండా కంపెనీ పందేల్లోంచి తప్పుకుంది. ఇక ఎంవీ అగుస్టా బండి మీద జియాకోమో అగోస్తినికి ఎదురు లేకుండా పోయింది. 1968లో 500 సీసీ తరగతిలో పది రేసులుంటే పదీ ఆయనే గెలిచాడు. చాలా రేసుల్లో రెండోవాడు కనుచూపు మేరలో ఉండేవాడు కాదు. ఇంతకన్నా ఏకపక్షంగా ఏ ఆటైనా ఉంటుందా? అయినా ఇటలీలో అగోస్తిని సినిమా హీరోతో సమానం, నిజంగానే సినిమాల్లో వేషాలు కూడా వేశాడు. 2005లో రోసీ 17 రేసుల్లో 11 గెలిచాడు. అప్పుడు కూడా ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠ పెద్దగా లేదు. కానీ జనం విరగబడి వచ్చారు.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. 1997లో ఆస్ట్రేలియా రైడర్ మిక్ డూహన్ 15 రేసుల్లో 12 గెలిచాడు. వరసగా అయిదేళ్ళు, 1994 నుంచి 1998 దాకా, ఛాంపియన్ అతనే. గొప్ప రైడర్, అందులో సందేహం లేదు. కానీ అతను మాట తక్కువ మనిషి, వచ్చామా గెలిచామా వెళ్ళామా అన్నట్టుండేవాడు. రోసీ 1999లో హెరెజ్‌లో 250 సీసీ రేసు గెలిచి, సంబరంగా ట్రాక్ చుట్టూ తిరుగుతూ మధ్యలో బండాపి, పక్కనున్న తాత్కాలిక మరుగుదొడ్లోకి దూరి తలుపేసుకున్నాడు :) అదీ తేడా. 2004లో హోండా వదిలి, అప్పట్లో వెనకబడి ఉన్న యమహాలో చేరి, దక్షిణాఫ్రికాలోని వెల్కమ్‌లో మొదటి రేసే గెలిచి, బండి పక్కన కూలబడి దానికి ముద్దుపెట్టాడు. చూసేవాడికి అక్కడ ఒక కథ దొరికింది. ఎన్ని సెకన్ల తేడాతో గెలిచాడో ఇవాళ ఎవరికి గుర్తుంది?

"ప్రమాదం తగ్గింది కాబట్టి మజా తగ్గింది" అనే వాదన కూడా వింటుంటాం. నాకది అస్సలు నచ్చదు. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అని, ఊళ్ళ మధ్య మామూలు రోడ్ల మీద జరిగే రేసు. 1949లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైందే దానితో. 1972లో అక్కడ గిల్బెర్తో పర్లోత్తి చనిపోయాక, ఆ ద్వీపంలో పదిసార్లు గెలిచిన అగోస్తినే ఇక రానని భీష్మించాడు. మిగతా పెద్ద రైడర్లూ అదే దారి పట్టారు. 1976 తర్వాత టీటీకి ఛాంపియన్‌షిప్ హోదా పోయింది, 1977 నుంచి బ్రిటన్ రేసు సిల్వర్‌స్టోన్ ట్రాక్‌కి మారింది. అంత పాత, అంత పేరున్న రేసు పోతే ఆట చచ్చిపోవాలిగా? సరిగ్గా ఆ 1976, 77ల్లోనే బ్యారీ షీన్ ఛాంపియనై, బైకు రేసులంటే తెలీని బ్రిటన్ ఇళ్ళల్లో కూడా పేరు తెచ్చుకున్నాడు. జనం ఎవడో చావడం చూడ్డానికి రారు. ఎవడో ఒకడు గెలవాలని వస్తారు.

మరి ఆ 'ఎవడో ఒకడు' ఎక్కడ తప్పిపోయాడు? ఇక్కడే మన వృత్తి వస్తుంది. పాత 500 సీసీ టూస్ట్రోక్ బండి 130 కిలోల చిల్లర ఉండేది, శక్తి ఒక్కసారిగా వచ్చి పడేది. మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు కుడి మణికట్టు వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే వెనక చక్రం జారి, మళ్ళీ పట్టు దొరికి, మనిషిని గాల్లోకి విసిరేసేది. ఆ జారుడు స్టాండ్లో కూర్చున్నవాడికి కనిపించేది. ఎవడు భయపడుతున్నాడో, ఎవడు తెగించాడో కంటితో తెలిసేది. 2002లో ఫోర్‌స్ట్రోక్ బళ్ళొచ్చాయి, 2007లో ఇంజన్ 800 సీసీకి తగ్గింది, దానితోపాటు ట్రాక్షన్ కంట్రోల్ జోరందుకుంది. చక్రం జారబోతోందని సెన్సర్ పసిగట్టి, మణికట్టు కన్నా ముందే ఇంజన్‌ని అదుపుచేసే కోడ్. రాసింది మనలాంటివాళ్ళే. పనితనం అద్భుతం, ప్రాణాలు కూడా కాపాడింది. కాకపోతే రైడర్ చేసే పనిలో కొంత భాగం కంటికి కనపడని చోటికి వెళ్ళిపోయింది.

ఖర్చు కూడా చేటు చేసింది. 2008 సీజను తర్వాత కవాసాకీ, 2011 తర్వాత సుజుకీ తప్పుకున్నాయి. 2010, 2011ల్లో పూర్తికాలం పాల్గొన్న బళ్ళు పదిహేడే. అప్పుడు నిర్వాహకులు ఒక మంచి పని చేశారు. 2016 నుంచి అన్ని జట్లకీ ఒకే ఈసీయూ, ఒకే సాఫ్ట్‌వేర్ అన్నారు. ఫలితం వెంటనే కనిపించింది, ఆ ఏడాది తొమ్మిదిమంది వేరువేరు విజేతలు. కానీ ఇంజనీర్ల సంగతి మనకి తెలీనిదేముంది? ఒక తలుపు మూస్తే కిటికీలోంచి దూకుతారు. కోడ్‌లో కుదరకపోతే గాలిలో వెతికారు. బళ్ళకి రెక్కలొచ్చాయి. మలుపు దాటి వేగం అందుకునేటప్పుడు బండి వెనకభాగాన్ని కిందికి దించే పరికరాలొచ్చాయి. రెక్కల వెనక గాలి చెదిరిపోతుంది కాబట్టి వెనకొచ్చేవాడికి ముందు చక్రం మీద పట్టు తగ్గుతుంది, టైరు వేడెక్కి లోపలి గాలి పీడనం పెరుగుతుంది. దగ్గరికైతే రాగలడు, దాటలేడు. అందరూ సెకను లోపే ఉంటారు, రైలుపెట్టెల్లా ఒకడి వెనక ఒకడు. లెక్కలో మాత్రం హోరాహోరీ పోరు!

దీనికి తోడు ముందు టైరులో పీడనం ఫలానా దానికన్నా తగ్గకూడదని నిబంధన. భద్రత కోసమే పెట్టారు, తప్పుపట్టను. కానీ దాని ఫలితం చూడండి. 2025 మార్చి 2న థాయిలాండ్‌లోని బురిరామ్‌లో మార్క్ మార్కెజ్ రేసులో అందరికన్నా ముందున్నాడు. ఉన్నట్టుండి వేగం తగ్గించి తమ్ముడు అలెక్స్‌ని ముందుకి పోనిచ్చాడు. ఎందుకయ్యా అంటే, ముందు ఒంటరిగా పోతుంటే చల్లగాలికి టైరు పీడనం తగ్గిపోతోంది, తమ్ముడి వెనక వేడిగాలిలో ఉంటే పెరుగుతుందని. చాలా ల్యాపులు అలా వెనకే ఉండి, చివర్లో దాటేసి గెలిచాడు. తెలివికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ ఆదివారం మొదటిసారి చూస్తున్న పదేళ్ళ పిల్లాడికి ఏమర్థమవుతుంది? ముందున్నవాడు కావాలని వెనక్కి ఎందుకొచ్చాడో చెప్పాలంటే పక్కన ఒక ఇంజనీరు కూర్చోవాలి.

అసలు ఆ పదేళ్ళ పిల్లాడు ఆదివారం టీవీలో ఈ రేసు చూస్తున్నాడా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. నా దృష్టిలో అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. బ్రిటన్‌లో 2013 దాకా బీబీసీలో ఉచితంగా వచ్చేది, 2014 నుంచి డబ్బులు కట్టే ఛానెల్‌కి పోయింది. ఇటలీలో కూడా 2014లోనే చాలా రేసులు స్కై చేతిలోకెళ్ళాయి. స్పెయిన్‌లో 2019 నుంచి డాజోన్. హక్కులు అమ్మిన డోర్నా కంపెనీకి డబ్బు వచ్చింది, జట్లు బతికాయి, కాదనను. కానీ ఎవరూ పనిగట్టుకుని ఒక ఆటకి అభిమాని అవ్వరు. అన్నం తిని సోఫాలో పడుకుని నాన్న పెట్టిన ఛానెల్ చూస్తూ అయిపోతారు. మనలో చాలామందికి క్రికెట్ అంటుకుంది దూరదర్శన్‌లో అలాగే కదా. సచిన్ వెళ్ళేసరికి ధోనీ, కోహ్లీ మన ముందుగదిలో ఏళ్ళ తరబడి తిరుగుతున్న మనుషులు. కొత్తగా పరిచయం చెయ్యాల్సిన పని లేకపోయింది.

రోసీ వారసుడు మార్కెజ్ మోటోజీపీలోకి వచ్చింది 2013లో, ఇరవయ్యేళ్ళకే ఆ ఏడాది ఛాంపియన్ అయ్యాడు. సరిగ్గా తలుపులు మూసుకుంటున్న కాలం. 2020 జులైలో హెరెజ్‌లో చెయ్యి విరిగింది, ఒకదాని తర్వాత ఒకటి నాలుగు ఆపరేషన్లు, బండి ఎక్కడమే కష్టమైన రోజులు. చివరికి 2025 సెప్టెంబరులో జపాన్‌లోని మోటెగిలో మళ్ళీ ఛాంపియన్. 2019 తర్వాత ఆరేళ్ళకి! సినిమా తీస్తే మొదటి రోజు టికెట్లు దొరకని కథ ఇది. కానీ డబ్బు కట్టి చూసేవాళ్ళు, అంటే ఎప్పటినుంచో అభిమానులైనవాళ్ళు, చూశారు. బయటివాళ్ళకి వార్తల్లో ఒక ముక్క దొరికింది.

ఫ్రాన్స్ సంగతి మాత్రం నా వాదనకి కాస్త అడ్డం వస్తుంది, చెప్పకపోతే తప్పు. అక్కడా డబ్బు కట్టే ఛానెలే. అయినా 2025లో ల మాన్‌లో మూడు రోజులకి కలిపి 3 లక్షల మంది పైగా వచ్చారు. ఎందుకంటే 2021లో ఫాబియో క్వార్టరారో ఫ్రాన్స్ నుంచి పెద్ద తరగతిలో గెలిచిన మొట్టమొదటి ఛాంపియన్ అయ్యాడు. పైగా అక్కడి నిర్వాహకులు ఆ వారాంతాన్ని జాతరలా నడుపుతారు. 2025లో వానలో జొహాన్ జార్కో గెలిచినప్పుడు ఆ స్టాండ్ల గోల వినాలి! అంటే మనిషి ఉంటే జనం గోడ దూకి కూడా వస్తారు. కానీ ప్రతి దేశానికీ ఒక జార్కో ఉండడు కదా.

మన దేశాన్నే తీసుకోండి. ప్రపంచంలోకెల్లా పెద్ద టూవీలర్ మార్కెట్. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో భారత్ జీపీ పెట్టారు, మార్కో బెజెక్కి గెలిచాడు. 2024లో మళ్ళీ అన్నారు, రద్దయింది. ఒక్కసారి వచ్చి పలకరించిపోయే చుట్టానికి ఇంట్లో పిల్లలు అలవాటు పడరు.

2025 జులైలో ఫార్ములా వన్ యజమాని లిబర్టీ మీడియా డోర్నాలో 84 శాతం వాటా కొనేసింది. 2027 నుంచి 850 సీసీ ఇంజన్లు, బండిని దించే పరికరాల మీద నిషేధం, చిన్న రెక్కలు అని నిబంధనలు మారాయి. మంచిదే, దాటడం తేలికవుతుంది. కానీ ఇది కూడా మళ్ళీ పందేన్ని దగ్గర చెయ్యడమే. 2023 నుంచి శనివారం స్ప్రింట్ రేసులు పెట్టి రేసుల సంఖ్య రెట్టింపు చేశారు, 2025లో 22 చోట్ల 44 పందేలు. చూస్తున్నవాడికే ఇంకో గరిటె వడ్డించడం తప్ప, ఆకు ముందు కూర్చోని వాడిని పిలిచిందెక్కడ?

మన ఆఫీసుల్లో ఈ జబ్బుని రోజూ చూస్తుంటాం. కొలవడం తేలికైనదాన్ని కొలుస్తాం, కొన్నాళ్ళకి అదే లక్ష్యమైపోతుంది, కస్టమర్ ఎప్పుడు వెళ్ళిపోయాడో రిపోర్టులో కనపడదు. సెకనులో వెయ్యో వంతు కొలిచే ఈ ఆటకి కూడా అదే జరిగింది. రోసీతో వెళ్ళిపోయినవాళ్ళు ఎప్పటికైనా వెళ్ళిపోయేవాళ్ళే, వయసు ఎవరి కోసం ఆగుతుంది. ఆ ఖాళీలో కూర్చోవాల్సిన పిల్లలకి ఈ ఆట ఒకటుందనే తెలీదు. లిబర్టీవాళ్ళు నన్నడగరు గానీ, అడిగితే ఒకటే చెప్తాను. ప్రతి దేశంలోనూ సీజనుకి కనీసం సగం రేసులు ఉచితంగా టీవీలో వెయ్యండి. ఒకటో బండికీ రెండో బండికీ మధ్య సెకన్లు లెక్కపెట్టడం తర్వాత, ముందు పదో స్థానంలో వచ్చినవాడి పేరు ఎంతమంది పిల్లలకి తెలుసో లెక్కపెట్టండి.