అమెరికా తరగతి గదిలో చరిత్ర ఆకరాలు

తెలుగు దేశ చరిత్రకు శాసనాలు ఎటువంటివో, అమెరికా చరిత్రకు ప్రమాణ వాఙ్మూలాలు, సైనికుల డైరీలు, ఉత్తరాలు, నాటి పత్రికలు అటువంటివి. సంఘటన జరిగిన కాలంలోనే, దానితో సంబంధం ఉన్నవారి చేతిమీదుగా పుట్టిన ఇటువంటి సాక్ష్యాన్ని ప్రాథమిక ఆకరం అంటారు. దాన్ని పరిశోధకుడి బల్లమీంచి బడిపిల్లల చేతికి అందించాలన్న ఆలోచన అమెరికాలో పంతొమ్మిదో శతాబ్ది చివర మొదలై, కొంతకాలం మూలపడి, మళ్లీ లేచింది. దానికి అసలు అడ్డంకి పత్రాల కొరత కంటే, ఆ పత్రంతో ఏం చేయాలో పిల్లలకు నేర్పే ఉపాయం కుదరకపోవడమే అనిపిస్తుంది.

జర్మన్ చరిత్రకారుడు రాంకే ఆకరాలనే ముందుపెట్టి శిష్యులచేత చర్చింపజేసిన సెమినార్ పద్ధతి అప్పటికే అమెరికన్ విశ్వవిద్యాలయాలకు చేరింది. మేరీ షెల్డన్ బార్న్స్ దాన్ని పాఠశాల స్థాయికి దించి, 1885లో ప్రపంచ చరిత్రకూ, 1891లో భర్త ఎర్ల్ బార్న్స్‌తో కలిసి అమెరికా చరిత్రకూ పాఠ్యపుస్తకాలు వెలువరించారు. వాటిలో కథనానికి పెద్దగా చోటు లేదు. మూలభాగాలు, వాటి వెంట ప్రశ్నలు, జవాబు వెతుక్కోవలసిన భారం విద్యార్థిది. నెబ్రాస్కాలో ఫ్రెడ్ మారో ఫ్లింగ్ ఇదే దారి పట్టారు. అయితే అమెరికన్ చారిత్రక సంఘం నియమించిన ఏడుగురు సభ్యుల సంఘం 1899 నివేదికలో ఈ ఉత్సాహానికి కళ్లెం వేసి, ఆకరాలు పాఠ్యపుస్తకానికి తోడుగా ఉండాలే గాని దాని స్థానాన్ని ఆక్రమించరాదని తీర్పు చెప్పింది. సమకాలికుల రచనలతో అమెరికా చరిత్రను సంపుటాలుగా కూర్చిన ఆల్బర్ట్ బుష్నెల్ హార్ట్ కూడా ఆ ఏడుగురిలో ఒకరు కావడం గమనించదగినది.

ఆ తరువాత కొంతకాలం ఈ పద్ధతి మూలపడింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికాలో విద్యాసంస్కరణల వేడి పుట్టింది. ఏ శాస్త్రాన్నైనా దాని నిపుణుడు ఆలోచించే తీరులోనే పిల్లలకు నేర్పవచ్చునని మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లో ప్రతిపాదించగా, ఆ స్ఫూర్తిని చరిత్రకు అన్వయించిన ఆమ్హర్స్ట్ ప్రాజెక్టు అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి నాంది పలికిన లెక్సింగ్టన్ కాల్పులను పాఠంగా మలచింది. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున, కాంకర్డ్‌లోని ఆయుధ నిల్వల కోసం బోస్టన్ నుంచి కదిలిన బ్రిటిష్ సైన్యం లెక్సింగ్టన్ ఊరి మైదానంలో స్థానిక సాయుధ దళానికి ఎదురుపడింది. కాల్పుల్లో ఎనిమిది మంది స్థానికులు నేలకూలారు. మొదటి తూటా ఎవరిదన్నదే ప్రశ్న. ఆ దళానికి చెందిన 34 మంది ఏప్రిల్ 25న ఇచ్చిన వాఙ్మూలం తాము వెనుదిరిగి చెదిరిపోతుండగా సైనికులే కాల్చారంటుంది. బ్రిటిష్ లెఫ్టినెంట్ జాన్ బార్కర్ డైరీ మాత్రం, తాము దగ్గరపడగానే అవతలివారే ఒకటి రెండు తూటాలు పేల్చారనీ, ఆ పిమ్మట తమవాళ్లు ఉత్తర్వు లేకుండానే మీదపడ్డారనీ చెబుతుంది. రెండూ కళ్లారా చూసినవారి మాటలే. అయితే ఆ వాఙ్మూలం, ఇంగ్లండు ప్రజలకు తమ పక్షం వినిపించడానికి మసాచుసెట్స్ నాయకులు సేకరించి ఓడమీద లండన్‌కు పంపిన పత్రాల్లోది. డైరీ ఒకడు తనకోసం రాసుకున్నది. ఈ తేడా కంటపడినప్పుడే పాఠం మొదలవుతుంది.

ప్రాజెక్టు 1972లో ముగిసినా పద్ధతి ఆగలేదు. మరుసటి ఏడే, కళాశాల స్థాయి పాఠాలను ఉన్నత పాఠశాలలోనే చెప్పే ఏపీ కోర్సుల్లోని అమెరికా చరిత్ర పరీక్షలో, ఇచ్చిన పత్రాలను చదివి వ్యాసం రాయవలసిన ప్రశ్న చేరింది. ఆ దేశంలో చదివే తెలుగు పిల్లలకు ఇది ‘డీబీక్యూ’గా పరిచయమే. నేషనల్ ఆర్కైవ్స్ రూపొందించిన విశ్లేషణ పత్రమైతే భావం జోలికి పోకముందే, ఇది చేతిరాతా, టైపు చేసిందా, ముద్ర ఉందా, ఎవరు ఎవరికి ఏ తేదీన రాశారు అని అడిగి, తొందరపడే కంటిని నిలవేస్తుంది.

ఇలా నిలవేయడం ఎందుకో 1991లో శామ్ వైన్‌బర్గ్ పరిశోధన తేటతెల్లం చేసింది. ఎనిమిది మంది చరిత్రకారులకూ, ఎనిమిది మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకూ అవే లెక్సింగ్టన్ పత్రాలిచ్చి, చదువుతూ తమకు తోచినదంతా పైకి చెప్పమన్నారు. విద్యార్థులు ఎక్కువగా మొదటి మాట నుంచి చివరిదాకా చదువుకుపోగా, చరిత్రకారుల చూపు ముందుగా అడుగున ఉన్న రచయిత పేరు, తేదీల మీదికి పోయింది. ఆపైన వారు ఒక సాక్ష్యాన్ని మరొకదానితో సరిపోల్చి, నాటి పరిస్థితుల్లో నిలిపి చూశారు. బార్న్స్ కాలానికి కొరవడిన ఉపాయం ఇదే: పత్రం ఏం చెబుతోందని కాక, ఎవరు, ఎవరికి, ఎందుకు చెబుతున్నారని అడగడం.

తరువాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిధులు ఇంటర్నెట్‌కెక్కడంతో పత్రాల కొరత తీరిపోయింది గాని, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు నేటి పిల్లలకు కొరకరాని కొయ్యగానే మిగిలింది. అందుకే వైన్‌బర్గ్ స్టాన్‌ఫర్డ్‌లో నెలకొల్పిన బృందం పాఠాల్లో పత్రాలను కుదించి, వాక్యాలను సరళంచేసి, కఠిన పదాలకు అర్థాలిచ్చి అందిస్తుంది. మూలంలో వేలుపెడితే అది మూలమెలా అవుతుందన్న ఆక్షేపణ న్యాయమైనదే. అయితే చదవలేని పత్రం బల్లమీద ఉన్నా లేనట్టే. ఆ బృందం సరళ ప్రతితో పాటు అసలు ప్రతినీ ఉపాధ్యాయుడి చేతికిస్తుంది. రెండింటిలో దేన్ని ముందు పంచాలన్నది ఎదుట కూర్చున్న తరగతిని చూసి అతడే తేల్చుకుంటాడు.