పక్కవాద్యం లేని కచేరీ

ఆ రోజు టేపు మీదికెక్కిన మొదటి పాటకే మధ్యలో కరెంటు పోయింది. యంత్రం కొన్ని క్షణాలు నిలిచిపోయి మళ్లీ తిరిగింది. వాయించేవాళ్లు మాత్రం ఆగలేదు.

1961 జూన్ 25, ఆదివారం మధ్యాహ్నం. న్యూయార్క్ నగరంలో గ్రీనిచ్ విలేజ్ అనే పేట. సెవెన్త్ అవెన్యూ సౌత్‌లో 178వ నంబరు తలుపు తీసి 15 మెట్లు దిగితే ముక్కోణపు గది ఒకటి. దాని పేరు విలేజ్ వాన్‌గార్డ్. మాక్స్ గోర్డన్ అనే ఆయన 1935 నుంచి అక్కడ నడుపుతున్న క్లబ్బు. కిక్కిరిసి కూర్చున్నా 120 మందికి అటూ ఇటూగా పడతారు. ఆ మధ్యాహ్నం అంతమంది కూడా లేరు.

పియానో మీదికి వంగిపోయి కూర్చున్న మనిషి బిల్ ఎవాన్స్, వయసు 31. తనకన్నా ఎత్తయిన తీగవాద్యం బేస్‌ను ఒంటికి ఆనించుకుని నిలబడ్డవాడు స్కాట్ లఫారో, వయసు 25. డ్రమ్స్ దగ్గర పాల్ మోషియన్, వయసు 30. ఆ క్లబ్బులో వాళ్ల ఒప్పందానికి అదే ఆఖరి రోజు. అందుకే రివర్‌సైడ్ రికార్డ్స్ నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్, ఇంజినీరు డేవ్ జోన్స్‌ను వెంటబెట్టుకుని, మోసుకు తిరగగలిగే టేపు యంత్రంతో ఆ మెట్లు దిగాడు. మధ్యాహ్నం రెండు సెట్లు, రాత్రి మూడు సెట్లు. మొత్తం ఐదు. పియానో, బేస్, డ్రమ్స్ కలిసి పాత పాటలను ఎలా వాయించవచ్చో ఆ ఒక్క రోజు టేపులు తేల్చి చెప్పాయని నా నమ్మకం.

వాళ్లు వాయించినవి చాలావరకు ‘స్టాండర్డ్స్’. ఆ మాటకు అర్థం సులువే. బ్రాడ్‌వే సంగీత నాటకాలకో, హాలీవుడ్ సినిమాలకో రాసిన పాటలు. నాటకం ఆడి వెళ్లిపోయింది, సినిమా మరుగున పడింది, పాట మాత్రం జనం నోట నిలిచింది. అలా నిలిచిన పాటలను జాజ్ వాద్యగాళ్లు తమ ఉమ్మడి ఆస్తిగా తీసుకున్నారు. వీటిలో చాలా పాటలకు కట్టుబడి ఒకటే: ఎనిమిది బార్ల (తాళావర్తాల) చొప్పున నాలుగు భాగాలు, 32 బార్లు. మొదటి వరస రెండుసార్లు వస్తుంది, మూడో భాగంలో దారి మారుతుంది, నాలుగో భాగంలో మళ్లీ ఇంటికి చేరుతుంది. వాద్యగాళ్లు ఒక చుట్టు పాటను పాటగా వినిపిస్తారు. ఆ తర్వాత వరసను వదిలేసి, దాని కింద నడిచే కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) క్రమాన్ని మాత్రం పట్టుకుని, ఎన్ని చుట్లయినా మనోధర్మంతో కొత్త వరసలు కట్టుకుంటూ పోతారు. కచేరీలు వినేవాళ్లకు నెరవు, కల్పనస్వరం గుర్తుకొస్తాయి. తేడా ఒక్కటే. మన గాయకుడికి రాగమూ తాళమూ ఆధారమైతే, వీళ్లకు తాళంతో పాటు ఆ కార్డ్‌ల వరుస ఆధారం.

పాట అందరికీ తెలిసి ఉండటం ఇక్కడ చాలా ముఖ్యం. వినేవాడి మనసులో అసలు వరస మోగుతూనే ఉంటుంది. కాబట్టి వాయించేవాడు దాన్ని పూర్తిగా చెప్పనక్కర్లేదు. ఎంత వదిలేయవచ్చు అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు ఎవాన్స్ కన్నా ముందు గట్టి జవాబు చెప్పినవాడు పియానో వాద్యగాడు అహ్మద్ జమాల్. 1958 జనవరిలో షికాగోలోని పెర్షింగ్ హోటల్ లాంజ్‌లో ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్, వెర్నెల్ ఫోర్నియర్ డ్రమ్స్ తోడుగా ఆయన వాయించిన రికార్డు అమ్మకాల పట్టికల్లో 100 వారాలకు పైగా నిలిచింది. జాజ్ రికార్డుకు అది ఊహకందని సంగతి. జమాల్ గొప్పదనం స్వరాల మధ్య వదిలిన ఖాళీలో ఉంది. నాలుగు స్వరాలు పడాల్సిన చోట ఒకటి వేసి ఊరుకుంటాడు, మిగతా మూడూ మన చెవే పూరిస్తుంది. అంతకు ముందు దారి వేసినవాళ్లూ ఉన్నారు. నాట్ కింగ్ కోల్, ఆర్ట్ టేటమ్ పియానోకు గిటారూ బేసూ జోడించి త్రయాలు కట్టారు. తర్వాత గిటారు స్థానంలోకి డ్రమ్స్ వచ్చాయి. అయితే వీళ్లందరి దగ్గరా పద్ధతి మాత్రం కచేరీ పద్ధతే. పియానో ప్రధానం, తక్కినవి పక్కవాద్యాలు. బేస్ వాయించేవాడు బారుకు నాలుగు స్వరాల చొప్పున అడుగులు వేస్తూ దారి చూపాలి, డ్రమ్మరు తాళం నిలపాలి. వాళ్లవంతు సోలో వస్తే వాయిస్తారు, లేదంటే తమ పని తాము చూసుకుంటారు.

లఫారోకు ఆ పని సరిపోలేదు.

అతను న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా అనే చిన్న ఊళ్లో పెరిగాడు. చిన్నప్పుడు క్లారినెట్, శాక్సోఫోన్ నేర్చుకున్నాడు. బేస్ పట్టుకున్నది 18వ ఏట, కాలేజీలో చేరబోయే ముందు. అంటే వాన్‌గార్డ్ నాటికి అతని చేతికి బేస్ తెలిసి ఏడేళ్లు. కుడిచేతి రెండు వేళ్లను మార్చి మార్చి మీటుతూ, ఆ లావుపాటి తీగల మీద గిటారు వాయించినంత చురుగ్గా పరుగులు తీసేవాడు. అతని బేస్‌ను 19వ శతాబ్దం తొలి సగంలో న్యూహాంప్‌షైర్‌లో ఏబ్రహాం ప్రెస్కాట్ అనే పనివాడు చేశాడు. వేగం ఒక్కటే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. లఫారో అడుగులు వేయడం మానేశాడు. పియానో ఒక మాట అంటే దానికి బదులు చెప్పడం, ఒక్కోసారి పియానో అనకముందే తానే అనేయడం, అవసరమనిపిస్తే నోరు మూసుకోవడం అతని పద్ధతి అయింది.

అది సాధ్యపడటానికి ఎవాన్స్ ఎడమచేయి కూడా కారణం.  కార్డ్‌కు అడుగున ఉండే మూలస్వరాన్ని పియానో వాయించేవాళ్లు ఎడమచేత్తో గట్టిగా వేసేవారు. ఎవాన్స్ దాన్ని వదిలేసి పై స్వరాలనే దగ్గర దగ్గరగా పేర్చాడు. అడుగున చోటు ఖాళీ అయింది. ఆ చోట మూలస్వరం వేయాలా, వేరే స్వరం వేయాలా, ఏమీ వేయకూడదా అన్న స్వేచ్ఛ లఫారోది. తాళాన్ని పైకి కొట్టి చూపించకుండా ముగ్గురూ లోపల లెక్కపెట్టుకుంటారు. మోషియన్ బ్రష్షులతో, తాళపు పళ్లేల అంచులతో ఆ లెక్కకు రంగు వేస్తాడు. పాట తెలుసు, చుట్టు తెలుసు, ఎక్కడున్నామో ముగ్గురికీ తెలుసు. కాబట్టి ఎవరూ కాపలా కాయనక్కర్లేదు.

ఈ త్రయం 1959 చివర్లో తొలి రికార్డు చేసింది. మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో ఎవాన్స్ వాయించింది కూడా ఆ ఏడాదే. ఆ తొలి రికార్డులోని ‘ఆటమ్ లీవ్స్’లో పియానో, బేస్ ఒకదాని మాట మరొకటి అందుకుంటుంటే కొత్త పద్ధతి అప్పుడే మొలకెత్తడం వినిపిస్తుంది. వాన్‌గార్డ్ నాటికి అది చెట్టయింది.

ఆ ఆదివారం వాయించిన వాటిలో ‘మై ఫూలిష్ హార్ట్’ను నేను అన్నిటికన్నా ముందు పెడతాను. 1949లో వచ్చిన అదే పేరున్న సినిమాకు విక్టర్ యంగ్ కట్టిన పాట. జె.డి. శాలింజర్ కథ ఒకదాన్ని తీసుకుని ఆ సినిమా చేశారు. అది నచ్చక ఆయన జన్మలో మళ్లీ తన రచనలను సినిమాకు ఇవ్వలేదు. రచయిత వదులుకున్న సినిమాలోంచి పాటను ఎవాన్స్ ఏరుకున్నాడు. ఇందులో అతను సోలో అనదగ్గది దాదాపు వాయించనే లేదు. చాలా నెమ్మదిగా వరసను వినిపిస్తాడు, అంతే. లఫారో ఒక స్వరం మీటి, అది పూర్తిగా ఆరిపోయేదాకా రెండోదాని జోలికి పోడు. మోషియన్ పళ్లెం మీద బ్రష్షు ఆనిస్తే ఆవిరి లేచినట్టుంటుంది. ఐదు నిమిషాల లోపు పాట ఇది. నెమ్మదిగా వాయించడం వేగంగా వాయించడం కన్నా ఎంత కష్టమో తెలియాలంటే ఇది చాలు.

‘సమ్ అదర్ టైమ్’ కథ వేరు. లియొనార్డ్ బెర్న్‌స్టీన్ సంగీతం కట్టిన 1944 నాటి ‘ఆన్ ది టౌన్’ నాటకంలో ముగ్గురు నావికులకు న్యూయార్క్‌లో 24 గంటల సెలవు దొరుకుతుంది. సెలవు ముగిసే వేళ, చెప్పుకోవాల్సినవి మిగిలిపోయాయని పాడుకునే పాట ఇది. తర్వాత తీసిన సినిమాలో దీనికి చోటు దొరకలేదు. ఎవాన్స్‌కు మాత్రం ఈ పాటతో పాత బంధముంది. 1958 డిసెంబరులో ఒక రికార్డింగులో దీని ప్రారంభానికని రెండు కార్డ్‌లను అటూ ఇటూ ఊపుతూ వాయిస్తుండగా, పాటలోకి వెళ్లడమే మానేసి ఆ ఊపు మీదే ‘పీస్ పీస్’ అనే కొత్త రచనను అప్పటికప్పుడు అల్లేశాడు. మూడేళ్లు తిరగకుండా వాన్‌గార్డ్‌లో అదే ఊపుతో మొదలుపెట్టి, ఈసారి పాటలోకి వెళ్లాడు. సెలవు రోజు అయిపోతున్నప్పటి పాటను వాయిస్తున్న ఆ ముగ్గురికి తమకు ఎన్ని రోజులు మిగిలాయో తెలియదు.

‘మై రొమాన్స్’ కూడా వాయించారు. రిచర్డ్ రాడ్జర్స్, లొరెంజ్ హార్ట్ సర్కస్ నేపథ్యంతో వచ్చిన ‘జంబో’ నాటకం కోసం 1935లో రాసిన పాట. జార్జ్ గెర్ష్విన్ ఒపేరా ‘పోర్గీ అండ్ బెస్’ కూడా 1935దే, అందులోని ‘మై మాన్స్ గాన్ నౌ’ను ఆ రాత్రి వాయించారు. ఆ గదిలో క్లబ్బు వయసూ ఆ రెండు పాటల వయసూ ఒకటేనన్నమాట.

రాత్రి చివర్లో లఫారో సొంత రచన ‘జేడ్ విజన్స్’ను వెంటవెంటనే రెండుసార్లు వాయించారు. టేపులు సర్దుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

జులై మొదట్లో లఫారో న్యూపోర్ట్ సంగీతోత్సవంలో శాక్సోఫోన్ వాద్యగాడు స్టాన్ గెట్జ్ పక్కన వాయించాడు. జులై 6 తెల్లవారుజామున తన ఊరి వైపు కారు నడుపుకుంటూ వెళుతుండగా, జెనీవాకు దగ్గర్లో కారు రోడ్డు దాటి చెట్టును గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. అతనూ, కారులో ఉన్న మిత్రుడూ చనిపోయారు. వాన్‌గార్డ్ ఆదివారానికి సరిగ్గా 11 రోజులు. ప్రెస్కాట్ బేస్ ఛిద్రమైంది.

ఎవాన్స్ నెలల తరబడి కచేరీలు చేయలేకపోయాడు. ఆ టేపుల్లోంచి ముందుగా ఏవి విడుదల చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, అతనూ కీప్‌న్యూసూ లఫారో బాగా వినిపించేవాటినే ఏరారు. ‘సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్’ లఫారో రచనతో మొదలై లఫారో రచనతో ముగుస్తుంది. మిగిలినవాటిలోంచి మరుసటి ఏడు ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ వచ్చింది. పేరులోని డెబీ ఎవాన్స్ అన్న కూతురు. రెండు రికార్డుల్లో కలిపి 12 రచనలుంటే ఏడు స్టాండర్డ్సే. ఐదు సెట్లనూ వరసగా, కరెంటు పోయిన ఆ మొదటి పాటతో సహా, 2005లో మూడు సీడీలుగా తెచ్చారు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం తన జాతీయ రికార్డింగుల జాబితాలో ఈ టేపులకు చోటిచ్చింది.

ఈ రికార్డులో గ్లాసుల గలగల, సన్నటి మాటలు, ఎవరో నవ్విన నవ్వు అడుగడుగునా వినిపిస్తాయి. ఇంత గొప్ప సంగీతం వాయిస్తుంటే కబుర్లా అని మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. అది ఎవరూ చరిత్రను చూడ్డానికి రాని ఆదివారం. వాళ్ల ముగ్గురి దృష్టి ఒకరి మీద ఒకరికే ఉంది, కాబట్టే అలా వాయించగలిగారు.

ఎవాన్స్ ఆ తర్వాత ఎందరు బేస్ వాద్యగాళ్లతో వాయించినా ఆ పద్ధతిని వదల్లేదు. మత్తుమందులు అతన్ని వదల్లేదు. 1980 జూన్‌లో అదే గదిలో ఆఖరి త్రయంతో రికార్డు చేశాడు, సెప్టెంబరు 15న 51 ఏళ్లకు కన్నుమూశాడు. మోషియన్ మాత్రం 80 ఏళ్లు బతికాడు. 2011లో పోయేదాకా వాన్‌గార్డ్ మెట్లు దిగుతూనే ఉన్నాడు. 1983 జనవరిలో పియానో వాద్యగాడు కీత్ జారెట్ ఇదే పాత పాటలు వాయించడానికి ఒక త్రయం కట్టినప్పుడు పిలిచింది గ్యారీ పీకాక్‌నూ జాక్ డిజానెట్‌నూ. ఇద్దరూ అంతకు ముందు ఎవాన్స్ దగ్గర వాయించినవాళ్లే. ఆ ముగ్గురూ 30 ఏళ్లకు పైగా కలిసి స్టాండర్డ్స్ వాయించారు. ఎవాన్స్ త్రయానికి దొరికింది ఏడాదిన్నర.

చదివి ఊరుకోకుండా ఒక పని చేయమని అడుగుతున్నాను. కోల్ పోర్టర్ రాసిన ‘ఆల్ ఆఫ్ యూ’ను ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అనే గాయని 1956లో పాడింది. ముందు దాన్ని నాలుగైదుసార్లు, వరస నోటికొచ్చేదాకా వినండి. ఆ తర్వాత ఆ ఆదివారం మూడుసార్లు వాయించిన ‘ఆల్ ఆఫ్ యూ’ను, అదే వరుసలో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. పోర్టర్ రాసిన వరస తిన్నగా ఎక్కడా వినిపించదు. మీకు తెలుసు కాబట్టి అది మీలో మోగుతుంటుంది. అప్పుడు పియానోను కాసేపు పక్కన పెట్టి, చెవిని లఫారో మీదికి తిప్పండి.

ఆ విరిగిన బేస్‌ను న్యూయార్క్‌లోని కోల్‌స్టీన్ కుటుంబం కొని, ముక్కలు కూర్చి బాగుచేసింది. అది మళ్లీ మోగుతోంది.