కింది వాటా పడవకి

పొద్దున్నే క్యోటోలో ఎక్కించుకున్న టూరిస్టు బస్సు రెండు గంటల్లో కొండలన్నీ దాటించి జపాన్ సముద్రం ఒడ్డున దింపుతుంది. రాత్రి భోజనాల వేళకు మళ్లీ క్యోటో చేరుస్తుంది. మధ్యలో పైన్ చెట్ల ఇసుకతిన్నె ఒకటి, గుళ్లు రెండు, నీళ్లలోకి దిగి నిలబడ్డట్టుండే జాలరి పల్లె ఒకటి. పల్లె పేరు ఇనె. క్యోటో అనగానే మనకు గీషాలూ బంగారు గుడీ గుర్తొస్తాయిగానీ, క్యోటో ప్రిఫెక్చర్ ఉత్తరాన సముద్రం దాకా పాకింది. ఆ కొసను తాంగో ద్వీపకల్పం అంటారు. క్యోటో నుంచి అటువైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ వే మొత్తం పూర్తయింది 2015లో. ఒక్క రోజులో ఇవన్నీ చుట్టిరావడం అప్పట్నుంచే తేలికైంది.

ఇలాంటి చోట్ల గైడ్ల నోట అలవాటుగా వచ్చే మాట ఒకటుంది: కాలం ఆగిపోయిన ఊరు. అది నమ్మితే ఈ దారిలో చూడాల్సింది సగం చూడకుండానే తిరిగొస్తాం. ఇక్కడ కంటికి ఇంపుగా కనిపించేదాంట్లో చాలా భాగం ఎవరో పొట్టకూటికి చేసుకున్న పని తాలూకు ఆనవాలే. పని మారినప్పుడల్లా దృశ్యమూ మారింది.

బస్సు ముందుగా ఆగేది అమనోహషిదతె దగ్గర. మియజు అఖాతానికి అడ్డంగా 3.6 కిలోమీటర్ల ఇసుక కట్ట. వెడల్పు కొన్నిచోట్ల ఇరవై మీటర్లే. దానినిండా వేల పైన్ చెట్లు. సృష్టికర్త ఇజనాగి స్వర్గానికీ భూమికీ మధ్య నిచ్చెన వేసుకున్నాడట. ఆయన కునుకు తీస్తుండగా అది కాస్తా పడిపోయి ఇలా మిగిలిందట. 1643లో హయాషి గహో అనే పండితుడు దేశంలోకెల్లా చూడదగ్గ మూడు చోట్లని చెబుతూ మత్సుషిమా, మియజిమాల సరసన దీన్ని చేర్చాడు. ఆ జాబితాను ఇప్పటిదాకా ఎవరూ కదపలేకపోయారు. కొండ మీదికెక్కి, తిన్నెకు వీపు చూపి, వంగి కాళ్ల సందులోంచి చూడటం ఇక్కడి ఆచారం. సముద్రం పైకీ ఆకాశం కిందికీ వెళ్లి, పడిపోయిన నిచ్చెన మళ్లీ లేచినట్టు ఉంటుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు మామూలుగా నిలబడి చూసినా పోయేదేమీ లేదు.

చిత్రకారుడు సెష్షూ అయితే ఎటూ వంగకుండా, పక్షికి తప్ప మనిషికి దొరకనంత ఎత్తు నుంచి చూసినట్టు ఈ తిన్నెను గీశాడు. క్యోటో జాతీయ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మను జపాన్ జాతీయ సంపదగా ప్రకటించింది. బొమ్మ మీద తేదీ లేదు. కానీ తిన్నె మొదట్లో ఉన్న చియోన్‌జి గుడిలోని రెండంతస్తుల గోపురం అందులో కనిపిస్తుంది. ఆ గోపురం కట్టింది 1501లో. సెష్షూ 1506లో కన్నుమూశాడంటారు. అంటే ఎనభై దాటిన ముసలాయన ఈ మారుమూలకు వచ్చి గీసుకుపోయాడన్నమాట. ఆ గోపురం ఇప్పటికీ అక్కడే ఉంది. బస్సు దిగి గుడి వాకిట్లోకి నడిస్తే కనిపిస్తుంది.

పైన్ చెట్ల కథ ఇంతకంటే ఆసక్తిగా ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు తరతరాలుగా ఆ తిన్నె మీద రాలిన ఆకులూ పుల్లలూ ఊడ్చుకుపోయి పొయ్యిలో పెట్టుకునేవారు. నేల ఎప్పుడూ వట్టి ఇసుకే. పైన్‌కు కావలసింది సరిగ్గా అదే. సారంలేని ఇసుకలో అది వేళ్లు లోతుకు దించుకుంటుంది. ఇళ్లలోకి గ్యాసు వచ్చాక ఆకులు ఊడ్చే అవసరం పోయింది. రాలింది రాలినట్టే కుళ్లి నేల సారవంతమైంది. వేరే జాతి చెట్లు మొలిచాయి. పైన్లు ఏపుగా పెరిగాయిగానీ వేళ్లు పైపైనే ఉండిపోయాయి. 2004 తుపానుకు రెండు వందలకు పైగా చెట్లు పడిపోయాయి. చెట్టుకు మేలు చేసేది ఎరువే అనుకునే మనకు ఇది కొంచెం వింతే. ఇప్పుడు పొయ్యి కోసం కాకుండా చెట్ల కోసమే ఆకులు ఊడుస్తున్నారు.

ఇసుకదీ అదే గతి. ప్రవాహాలు మోసుకొచ్చే ఇసుక తగ్గి తిన్నె కరిగిపోతుంటే, అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేసి, పైవైపు ఆగిపోయిన ఇసుకను తీసుకొచ్చి పోస్తున్నారు. కొండ మీంచి చూస్తే ఒడ్డు రంపం పళ్లలా కనిపించేది ఆ కట్టల వల్లే. కాళ్ల సందులోంచి చూసేవాళ్లకు ఇది కనిపించదనుకుంటా.

చియోన్‌జి గుడిలో దేవుడు మోంజు. మనకు తెలిసిన పేరు మంజుశ్రీ. తెలివితేటలిచ్చే బోధిసత్వుడు కాబట్టి పరీక్షల కాలంలో పిల్లల రద్దీ ఎక్కువ. మొక్కు చీటీలు విసనకర్ర ఆకారంలో ఉంటాయి. చదివేసి పైన్ కొమ్మలకు కట్టిపోతారు. గుడి ముందు నాలుగు పాత టీ కొట్లున్నాయి. బియ్యప్పిండి ముద్ద మీద తీపి ఎర్రచిక్కుడు ముద్ద అద్ది, తింటే తెలివొస్తుందని అమ్ముతారు. తెలివి సంగతి ఎలా ఉన్నా రుచికి మాత్రం లోటుండదు.

తెలుగు యాత్రికుడు ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడాలి. గర్భగుడిలో సింహం మీద కూర్చున్న మంజుశ్రీ పక్కన ఒక బాలుడి విగ్రహం ఉంటుంది. అతను సుధనుడు, జపాన్ వాళ్లకు జెన్‌జాయి. గండవ్యూహ సూత్రంలో మంజుశ్రీ దక్షిణాదికి వచ్చి ధాన్యాకర నగరంలో ఈ వర్తకుడి కొడుకును కలుస్తాడు. జ్ఞానం వెతుక్కుంటూ పొమ్మని దారి చూపిస్తాడు. ఆ ధాన్యాకరం మన ధాన్యకటకమే, అంటే అమరావతి పక్కనున్న ధరణికోటేనని పలువురు పండితుల అభిప్రాయం. అలా చూస్తే కృష్ణ ఒడ్డు కుర్రాడు చైనా మీదుగా సముద్రం దాటి ఇక్కడికొచ్చి మధ్యయుగపు కామకురా కాలం నుంచీ కాపురం ఉంటున్నాడు. అతని పేరు చెప్పే గైడు దొరకడం కష్టం. మూలవిరాట్టు తలుపులు అన్ని రోజులూ తెరవరు కూడా.

రెండో గుడి నారియాయిజి, కొండ మీద. జపాన్ పశ్చిమాన ముప్పైమూడు కన్నోన్ (అవలోకితేశ్వరుడు) క్షేత్రాల యాత్రలో ఇది ఇరవై ఎనిమిదోది. అందరికీ గుర్తుండిపోయేది అక్కడి మోగించని గంట. 1609లో గంట పోత పోస్తుంటే చూడ్డానికొచ్చిన ఒక తల్లి చేతిలోంచి పసిబిడ్డ జారి కరిగిన లోహంలో పడిందట. గంట కొట్టినప్పుడల్లా బిడ్డ ఏడుపు వినపడుతుంటే తట్టుకోలేక మానేశారట. కథ నిజమో కాదో గానీ గంట మాత్రం మూగగానే ఉంది.

అక్కణ్నుంచి తీరం వెంబడి అరగంట లోపే ఇనె.

ఊరు మొత్తం నీటి అంచున వంపు తిరిగి ఉంటుంది. ఐదు కిలోమీటర్ల ఒడ్డు పొడుగునా 230 దాకా చెక్క ఇళ్లు భుజం భుజం రాసుకుని సముద్రం కేసి చూస్తుంటాయి. వీటిని ఫునాయా అంటారు. కింది వాటా పడవకి, పై వాటా వలలకి. కింద గచ్చు నీళ్లలోకి ఏటవాలుగా దిగుతుంది. వేట నుంచి వచ్చినవాడు పడవను నేరుగా ఇంట్లోకి లాగేసుకునేవాడు. చెక్క పడవ అస్తమానం నీళ్లలో ఉంటే పురుగు తొలిచేస్తుంది, పుచ్చిపోతుంది. ఎప్పటికప్పుడు ఆరబెట్టాలి. నూలు, జనపనార లాంటివాటితో అల్లిన వలలకూ అదే అవసరం. పైన ఆరేసేవారు. ఇప్పుడు చూసేవాళ్లకు ముచ్చటగా తోచే ఈ కట్టడం అసలు పని ఇదే: తడిసినదాన్ని ఆరబెట్టడం.

ఇల్లు నీళ్లకు ఇంత దగ్గరగా కట్టే ధైర్యం ఎలా వచ్చింది? జపాన్ సముద్రం నాలుగువైపులా దాదాపు మూసుకుపోయినట్టుండి, ఇరుకైన జలసంధుల ద్వారానే బయటి సముద్రాలతో కలుస్తుంది. అందుకే ఆటుపోట్ల తేడా ఇనెలో అర మీటరుకు మించదు. పైగా అఖాతం దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. చలికాలపు ఉత్తర గాలిని కొండలు ఆపుతాయి. ముఖద్వారంలో అఓషిమా దీవి అలను విరిచేస్తుంది. ఆ దీవికి ఇంకో ఉపయోగం ఉండేది. చేపల్ని తరుముకుంటూ తిమింగిలం లోపలికొస్తే, దీవికి రెండు పక్కలా వలలు కట్టి దారి మూసేసేవారు. ఊరి తిమింగిలాల ఖాతా పుస్తకం 1656 నుంచి 1913 దాకా నడిచింది. అందులో 350కి పైగా పట్టుబళ్లున్నాయి. మాంసం, నూనె ఊరంతటికీ జీవనం. చంపినవాటికి దీవి మీద సమాధి రాళ్లు కూడా వాళ్లే నిలబెట్టారు.

ఇక కాలం ఆగిపోవడం సంగతి. ఒకప్పుడు ఈ ఫునాయాలు ఒకే అంతస్తు, గడ్డికప్పు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1950 దాకా బురి చేప ఊరిమీద డబ్బు కురిపించింది. చలికాలంలో కొవ్వెక్కి వచ్చే ఈ చేపకు క్యోటోలో మంచి గిరాకీ. ఆ డబ్బుతోనే పెంకులూ మేడలూ వచ్చాయి. అసలు ఇంటికీ ఫునాయాకూ మధ్య ఒకప్పుడు వాకిలి ఉండేది. పక్కింటికి వెళ్లాలన్నా పడవే సుఖం. 1931 నుంచి 1940 దాకా ఆ వాకిళ్లలోంచే రోడ్డు వేశారు. చోటు చాలక ఫునాయాలను సముద్రం వైపు జరిపారు. ఇవాళ ఫొటోల్లో అవి నీళ్లకు ఒరుసుకుని ఉన్నట్టు కనిపించడంలో రోడ్డు చలవ కొంత ఉంది.

ఆ తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి. అవి ఫునాయాలో పట్టవు, ఆరబెట్టనక్కర్లేదు కూడా. బయటే కట్టేసి ఉంటాయి. నైలాన్ వలలు వచ్చాక పై వాటా ఖాళీ అయింది. కొడుక్కి పెళ్లయితే కొత్త జంటకో, పెద్దవాళ్లకో గదులయ్యాయి. 1982లో తోరా-సాన్ అనే పాత్రతో వచ్చిన సినిమాల వరసలో ఒకటి, 1993లో ఎన్‌హెచ్‌కే టీవీ సీరియల్ ఒకటి ఇక్కడ తీశారు. జనం రావడం మొదలైంది. 2005లో ప్రభుత్వం ఈ కట్టడాల సముదాయాన్ని కాపాడదగ్గదిగా గుర్తించింది. దేశంలో ఒక జాలరి పల్లెకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఇప్పుడు కొన్ని పై వాటాలు బస చేసే గదులు.

ఇనె పట్టణం మొత్తం జనాభా రెండు వేల లోపు. ఆ ఒక్క రోడ్డు మీదికి బస్సుల జనమంతా దిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఫునాయాలు ఎవరి సొంతం వాళ్లవి, చాలావాటిలో మనుషులు ఉంటున్నారు. తలుపు తీసి ఉందికదా అని లోపలికి తొంగిచూడటం మర్యాద కాదు. మన ఊళ్లో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా? చూడాలంటే నీళ్ల మీంచే చూడాలి. అఖాతం చుట్టే లాంచీ పాతిక నిమిషాల్లో ఒడ్డంతా తిప్పుతుంది. అందులో చాలామంది రొయ్యల వడియాలు విసిరి సీగల్స్‌ను పిలవడంలో పడి ఒడ్డు వైపే చూడరు. గద్దలు కూడా వస్తాయి. వాటికి వడియానికీ వేలికీ తేడా పెద్దగా తెలియదు. ఆ సమయంలో ఫునాయాల కాళ్ల దగ్గర నీళ్లలో వేలాడే చిన్న వల బోనులు గమనించండి. చేప తలకాయ ఎరగా కట్టి వదిలేస్తారు. కూరకు సరిపడా చేపలు వాటంతటవే వచ్చిపడతాయి.

ఊళ్లో 1754 నాటి సాకే (బియ్యం మద్యం) కార్ఖానా ఒకటి ఇంకా నడుస్తోంది. ఎర్ర బియ్యంతో గులాబీ రంగు సాకే తయారుచేసేది అక్కడే.

బస్సులు సాధారణంగా పోని చోటు ఇంకొంచెం పైన ఉంది, ఉరషిమా గుడి. 825లో వెలసిందని చెబుతారు. ఉరషిమా అనే జాలరి సముద్రంలో పట్టిన తాబేలు అందమైన అమ్మాయిగా మారి అతన్ని అమరుల లోకానికి తీసుకుపోయింది. మూడేళ్లు సుఖంగా ఉండి ఇల్లు చూసుకుందామని వస్తే ఊళ్లో మూడు వందల ఏళ్లు గడిచిపోయాయి. కూతురు రేవతికి వరుణ్ని అడగడానికి బ్రహ్మలోకం వెళ్లిన భాగవతంలోని కకుద్మి రాజు కూడా తిరిగొచ్చేసరికి యుగాలు దొర్లిపోయాయి కదా, అదే బాపతు. కాకపోతే కకుద్మికి బలరాముడు అల్లుడయ్యాడు. ఉరషిమాకు ఆ అమ్మాయి తెరవద్దని చెప్పి ఇచ్చిన పెట్టె మాత్రమే మిగిలింది. జపాన్ పాత చరిత్ర గ్రంథం నిహోన్ షోకి ఈ సంగతిని 478 నాటి ఘటనగా నమోదు చేసింది, అదీ ఈ తాంగో ఊరివాడి పేరు మీదే. గుడిలో ఆ కథను గీసిన పాత బొమ్మల చుట్ట ఉంది. బస్సు టైమ్‌టేబుల్ నన్ను వేయమంటే సీగల్స్ పాతిక నిమిషాలు కోసేసి ఈ గుడి కలుపుతాను.

ఎలాగూ కలపరు కాబట్టి, వీలుంటే ఒక రాత్రి ఇనెలోనే ఉండిపోవడం మంచిది. మర్నాడు ఊరి బస్సులో ఆ గుడికి వెళ్లొచ్చు. అంతకంటే ముందు పొద్దున్నే రేవులో పడవలు దించిన చేపను అక్కడికక్కడే అమ్ముతారు. క్యోటో నుంచి టూరిస్టు బస్సు వచ్చేసరికి ఆ బేరాలన్నీ అయిపోతాయి. ఊరివాళ్లు బకెట్లు పట్టుకుని వస్తారు. కొనాలనుకుంటే మీ బకెట్ మీరే తెచ్చుకోవాలి.