కొట్టివేసిన పేరు

మా వంశవృక్షపత్రమున ముత్తాతగారి తమ్ముని పేరు సిరాతో కొట్టివేయబడియున్నది. పొలము పంపకమును గూర్చి తండ్రితో కలహించి ఆయన ఇల్లు విడువగా, తండ్రియే ఆ పేరు కొట్టివేసెనని పెద్దలు చెప్పుదురు.

1860 నవంబరు 16న చెన్నపట్టణపు ఓడ 'ట్రూరో' డర్బను రేవు చేరినది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా నేటాలునకు పోయిరి. విశాఖపట్టణ మండలపు తెలుగువారును వారిలో పెక్కురు. ఓడజాబితాలలో ప్రతియొక్కరి సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, గ్రామము వ్రాయబడినవి. పేరొక్కటే చాలదు, తండ్రిపేరును గ్రామమును కలిసినప్పుడే గుర్తు నిలుచును.

ఆ మూడును కలిసిన పంక్తి యొకటి నాకు దొరకినది. తండ్రి కొట్టివేసిన కుమారుడు తండ్రిపేరును మాత్రము విడువలేదు. ఈ మహాలయపక్షమున ఆయన పేరునను తర్పణము విడిచెదను.