లండను ఎన్ని గంటల దూరము?

కొన్నేండ్ల క్రిందట పుష్యమాసమున మా బహదూర్‌పల్లిలో ఒక పెద్దాయన కాలము చేసెను. కుమారుడు లండనులో నుండెను. ‘రాత్రి తొమ్మిదింటికి విమానము, పది గంటల ప్రయాణము’ అని అతడు ఫోనులో చెప్పెను. ఉదయము ఏడింటికి దిగునని నేనే వ్రేళ్లపై లెక్కించి చెప్పితిని. మధ్యాహ్నము రెండైనను జాడ లేదు. శవమును ఇక నిలుపరాదని దహనము కానిచ్చితిమి. నాలుగింటికి అతడు వచ్చునప్పటికి చితి మండుచుండెను. నా లెక్క ఎక్కడ తప్పినదో చెప్పుటకు ముందు, ఆ దారి పూర్వకథ కొంత చెప్పెదను.

1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండను నుండి కరాచీకి విమానపు టపాను ఆరంభించిరి. అది ఏడు దినముల ప్రయాణము. బాసెలు నుండి జెనోవా వరకు రైలులో పోవలెను, అటుపిమ్మట నీటిపై వ్రాలు విమానము, రాత్రులయందు మజిలీలు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి టపాసంచులతో చిన్న విమానమును నడుపుకొని అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అహమ్మదాబాదున ఆ విమానమునకు పెట్రోలు ఎడ్లబండిపై వచ్చెను! అచటినుండి నెవిల్ విన్‌సెంటు టపాను బళ్లారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి విమానము కైరో, జెనీవాల మీదుగా బొంబాయి నుండి లండనునకు మొదటిసారి పోయెను.

నేడు శంషాబాదు నుండి లండను సూటిగా సుమారు 7,750 కిలోమీటర్లు. ఆమడకు ఎనిమిది మైళ్ల చొప్పున 600 ఆమడలు. నడుమ దిగని విమానమునకు పది గంటలు, కొంచెము హెచ్చుతగ్గుగా పట్టును. మీది ఆకాశమున గాలి పడమటినుండి వీచును గనుక పోవునప్పుడు ఆలస్యము, వచ్చునప్పుడు త్వర.

ఇక నా తప్పు. అతడు చెప్పిన తొమ్మిది లండను గడియారపు తొమ్మిది. చలికాలమున మన గడియారము దానికంటె అయిదున్నర గంటలు ముందుండును; వేసవిలో వారు తమ గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుదురు గనుక నాలుగున్నర. అనగా అతడు విమానమెక్కినది మన రెండున్నరకు; దిగినది మధ్యాహ్నము పన్నెండున్నరకు. తనిఖీలు ముగియవలెను. 2008 మార్చి వరకు ప్రయాణికుల విమానములు దిగిన బేగంపేట మాకు చేరువ. శంషాబాదు నగరమునకు దక్షిణమున, మా ఊరు ఉత్తరమున. ఆ దారియు గడువవలెను.

ఏడు దినముల దారి పది గంటలకు కుదిసినది గాని, గడియారముల ఎడము కుదియలేదు. బిడ్డలు దూరదేశమున నున్న పెద్దలారా! విమానమెన్ని గంటలని మాత్రమే అడుగకుడు. ఏ ఊరి గడియారమో అడుగుడు. ఆ గడపనుండి ఈ గడపకు ఎంత పట్టునో అడుగుడు. నేను ఆనాడు ఆ ఒక్క మాట అడిగియుండినచో ఆ కుమారుడు తండ్రి ముఖము చూచియుండును.